మన బడి తోట: విత్తు నుంచి విత్తు దాకా

పిల్లలూ! ఈ పాఠానికి పలకా బలపం అక్కర్లేదు. నీళ్ళ డబ్బా, పాత బూట్లు ఉంటే చాలు. బడి తోటలో ఏ నెలలో ఏం చేస్తామో, ఆ పనులకు తెలుగులో ఏ మాటలున్నాయో ఇందులో నేర్చుకుందాం. అమ్మానాన్నలు పక్కన కూర్చుని చదివితే మరీ మంచిది.

1. అక్కడ వాన, ఇక్కడ చలి

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో వర్షాధార సాగు తొలకరితో మొదలవుతుంది. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. జ్యేష్ఠ పౌర్ణమిని ఏరువాక పున్నమి అంటారు. ఆ రోజు ఎద్దులకూ నాగలికీ పూజ చేసి దుక్కి దున్నుతారు. మనముండే న్యూజెర్సీలో వాన ఏ నెలలోనైనా పడుతుంది. ఇక్కడ మొక్కకు భయమంతా గడ్డకట్టే చలితోనే. ఏప్రిల్ చివరి దాకా, ఒక్కోసారి మే మొదట్లోనూ రాత్రిపూట ఆ చలి ఉంటుంది. మళ్ళీ అక్టోబరులో వచ్చేస్తుంది. మధ్యలో దొరికే అయిదు నెలల్లోనే మన బెండ, బీర, సొర కాయాలి.

2. తోట క్యాలెండరు

మన మడులు నాలుగడుగుల వెడల్పు. ఎటు నుంచి చెయ్యి చాపినా మధ్యకు అందుతుంది కాబట్టి మట్టిని తొక్కే పని లేదు.

మార్చి చివర, ఏప్రిల్: మెంతులు, ముల్లంగి, పాలకూర చల్లుతాం. వీటికి చల్లదనం ఇష్టం. మెంతులు వారంలోపే మొలకెత్తుతాయి, నెల తిరిగేసరికి కూర చేతికొస్తుంది.

ఏప్రిల్ మధ్య: ఇంట్లో కిటికీ దగ్గర కాగితం కప్పుల్లో సొర, బీర, గోంగూర గింజలు పెడతాం. సొర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది.

మే రెండో సగం: మొక్కల్ని వారం రోజులు కాసేపు ఎండలో పెట్టి అలవాటు చేసి, ఆ తర్వాత నాటుతాం. బెండ, చిక్కుడు గింజల్ని నేరుగా మడిలోనే పెడతాం.

జూన్ చివర నుంచి ఆగస్టు దాకా: బడికి సెలవులు, తోటకు మాత్రం పండగ! అందుకే వారానికో కుటుంబం వంతు వేసుకుంటాం. బెండకాయల్ని రెండు రోజులకోసారి కోయాలి, లేకపోతే ముదిరిపోతాయి.

సెప్టెంబరు, అక్టోబరు: బడి తెరిచాక గోంగూర, సొరకాయలు, ఆఖరున చిక్కుళ్ళు కోస్తాం.

3. చిక్కుడు ఎందుకు ఆలస్యం?

పందిరి చిక్కుడు తీగ ఎండాకాలమంతా ఆకులే వేస్తుంది. ఎరువు చాలలేదేమో అనుకుంటారు చాలామంది. అసలు కారణం పగటి పొడవు. మన పాతకాలపు చిక్కుడు రకాలు చాలావరకు పగలు తగ్గితేనే పూస్తాయి. జూన్ 21న విజయవాడలో పగలు సుమారు 13 గంటలు, ఇక్కడ సుమారు 15 గంటలు. అందుకే తీగ సెప్టెంబరు దాకా ఆగుతుంది. పూత వచ్చాక చలికి ముందు మిగిలేది కొద్ది వారాలే. ఒక్క కాయ కూడా వదలకుండా కోసుకోవాలి.

4. సాయంకాలం పూలు

సొర పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది. పువ్వు వెనక బుల్లి సొరకాయ లాంటిది ఉంటే ఆడ పువ్వు, వట్టి కాడ ఉంటే మగ పువ్వు. చీకటిపడ్డాక తిరిగే పురుగులు పుప్పొడి మోసుకెళతాయి. అవి రాకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. అప్పుడు మగ పువ్వును తుంచి, దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్య మెల్లగా అద్దాలి. జూలైలో వంతు వచ్చిన పిల్లలకు ఇదే ముఖ్యమైన పని.

5. తోట మాటలు

మొగ్గ, పువ్వు, పిందె, కాయ, పండు: ఒక్కో దశకు ఒక్కో పేరు. కోతకూ అంతే. బీరకాయను కోస్తాం. చిగురును గిల్లుతాం. ముల్లంగిని పీకుతాం. బంగాళాదుంపను తవ్వుతాం. రాలిన కాయల్ని ఏరుతాం. గోంగూరను కాడ నుంచి వలుస్తాం. చిక్కుడుకాయకు ఈనె తీస్తాం. ఇన్ని మాటలుండగా అమ్మమ్మతో ఫోనులో అన్నింటికీ "కట్ చేశాం" అనేస్తే ఎలా?

6. విత్తనానికో కాయ

మొదట్లో కాసిన మంచి సొరకాయ ఒకటి కోయకుండా వదిలేయండి. అది తీగ మీదే ముదరాలి. గట్టి చలి రాకముందే లోపలికి తెచ్చి ఆరబెట్టండి. ఊపితే గింజలు గలగలలాడాలి. భారతదేశం నుంచి నాటే విత్తనాలు తేవాలంటే అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనల ప్రకారం ధ్రువపత్రాలు కావాలి. సంచిలో పొట్లం కట్టి తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. కాబట్టి ఈ తోటలో ఈ ఏడు దాచిన గింజే పై ఏటికి ఆధారం.

తల్లిదండ్రులకు ఒక మాట: మీలో చాలామంది పెరట్లో పాదులు చూస్తూ పెరిగారు. "పిందె", "ఈనె", "వలవడం" వంటి మాటల్ని వాడుతూ పెరిగారు. పిల్లలకు అవి పుస్తకంలో అంటవు, చేతిలో కాయ ఉన్నప్పుడు అంటుతాయి. మీ వంతు వారంలో పిల్లల్ని వెంట తీసుకురండి. నీళ్ళు పోస్తున్నంతసేపూ తెలుగులోనే మాట్లాడండి.

అభ్యాసం

1. ఏరువాక పున్నమి ఏ నెలలో వస్తుంది?
2. సొరకాయ ఆడ పువ్వును ఎలా గుర్తుపడతావు?
3. చిక్కుడు సెప్టెంబరు దాకా ఎందుకు పూయదు?
4. గిల్లు, పీకు, తవ్వు, ఏరు, వలుచు: వీటితో సొంత వాక్యాలు రాయి.
5. మీ తాతయ్యను గానీ నానమ్మను గానీ అడుగు: వాళ్ళ పెరట్లో ఏ పాదులుండేవి? విత్తనాలు ఎక్కడ దాచేవారు? జవాబు తెలుగులో రాసి తరగతికి తీసుకురా.