యాంత్రీకరణ, కృత్రిమ మేధ – మన కొలువులు: సింగరేణి నేర్పే పాఠం

“యంత్రాలు వస్తే ఉద్యోగాలు పోతాయా?” అనే అంశం మన వ్యాసరచన పోటీలకు కొత్త కాదు. మనం రాసే జవాబు కూడా కొత్తది కాదు. కొన్ని పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి, కావున యువత నైపుణ్యం పెంచుకోవాలి అని ముగిస్తాం. ఈ జవాబు తప్పు కాదు గానీ అసంపూర్ణం. పోయేది ఎవరిది, వచ్చేది ఎవరికి అన్న సంగతి అందులో ఉండదు.

ఆ సంగతి తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కర లేదు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు చాలు. నూరేళ్ళకు పైబడి ఈ అడవి అంచు ప్రాంతానికి అన్నం పెట్టిన బొగ్గుబాయిలలోనే జవాబు ఉంది. ముందుగా దానిని పరిశీలించి, ఆ తర్వాత నేటి కృత్రిమ మేధ విషయానికి వద్దాం.

1. తట్టా చెమ్మస్ నుండి కంటిన్యూయస్ మైనర్ వరకు

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

పాత పద్ధతిలో బొగ్గు తీయడమంటే మనుషుల కండబలమే. బొగ్గు గోడకు రంధ్రాలు వేసి మందు కూరుతారు. షాట్ ఫైరర్ పేల్చుతాడు. రాలిన బొగ్గును కోల్ ఫిల్లర్లు చెమ్మస్‌తో తట్టలకెత్తి, మోసుకుపోయి టబ్బుల్లో నింపుతారు. ఆ టబ్బులను హాలేజీ తాడు లాగుతుంది. పైకప్పు కూలకుండా టింబర్‌మన్లు దిమ్మెలు నిలబెడతారు. ఒక్కో బాయిలో వందలాది మందికి పని ఉండేది. అయితే పైకప్పు బండ కూలి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ, బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన వారూ ఎందరో ఉన్నారు. అది సుఖమైన పని అని ఎవరూ అనలేరు.

1970ల మధ్య నుండి ఓపెన్ కాస్ట్ గనులు పెరిగాయి. అక్కడ షావెళ్ళు, డంపర్లే ప్రధానం. భూగర్భ గనుల్లో ఎస్.డి.ఎల్., ఎల్.హెచ్.డి. అనే లోడింగ్ యంత్రాలు వచ్చి తట్టా చెమ్మస్ స్థానాన్ని క్రమంగా ఆక్రమించాయి. 2006లో కొత్తగూడెంలోని వి.కె.-7 గనిలో కంటిన్యూయస్ మైనర్ ప్రవేశించింది. దాని ముందు భాగంలో పళ్ళున్న పెద్ద డ్రమ్ము తిరుగుతూ, మందు పేల్చే అవసరం లేకుండానే బొగ్గును కోసి, వెనక్కి పంపుతుంది. అంటే రంధ్రం వేయడం, పేల్చడం, ఎత్తడం అనే మూడు పనులను ఒకే యంత్రం చేస్తుంది.

2. లెక్కలు ఏం చెబుతున్నాయి?

1990ల తొలి సంవత్సరాలలో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఏటా తీసే బొగ్గు సుమారు 2 కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది. ఉద్యోగులు మాత్రం సుమారు 42 వేల మంది. ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరగగా, పర్మినెంట్ ఉద్యోగాలు సగానికన్నా తక్కువకు పడిపోయాయి.

ఈ తగ్గుదల అంతా యంత్రాల వల్లనే అనుకోకూడదు. ఓపెన్ కాస్ట్‌లో బొగ్గుపై మట్టి తొలగించే పని చాలా వరకు కాంట్రాక్టర్ల చేతికి వెళ్ళింది. ఆ పని చేసే వేలాది కాంట్రాక్టు కార్మికులు పై లెక్కలో లేరు. కాబట్టి యంత్రం కొంత పనిని తీసుకుంటే, కాంట్రాక్టు పద్ధతి మరికొంత పనిని పర్మినెంట్ జాబితా నుండి బయటకు పంపింది.

3. ఉద్యోగాలు ఏ విధంగా తగ్గాయి?

ఈ వ్యాసంలో ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇదే. ఇన్ని వేల ఉద్యోగాలు తగ్గినా, అందరినీ ఒకేరోజు గేటు బయటకు పంపినది లేదు. ఒక ఫిల్లర్ రిటైరైతే ఆ స్థానంలో మరొక ఫిల్లర్‌ను తీసుకోలేదు. కొందరు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఆ ఖాళీలు ఖాళీలుగానే రద్దయ్యాయి. ఉన్న కార్మికునికి జీతం అందుతూనే ఉంది, ఏటేటా పెరిగింది కూడా. నష్టపోయింది అప్పటికింకా బడిలో ఉన్న పిల్లలు. తమ పేరు ఏ జాబితాలోనూ లేదు గనుక, ఉద్యోగం పోయిందని వారికి తెలియనే తెలియదు.

అనగా యంత్రం పనిలో ఉన్నవానిని గెంటివేయడం కన్నా, పనికి రాబోయేవానికి వాకిలి మూయడం ఎక్కువ. మూసిన వాకిలి ముందు జనం ఎలా నిలబడతారో 2022లో చూశాం. సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులు ప్రకటిస్తే సుమారు 98 వేల మంది దరఖాస్తు చేసుకున్నారు. ఒక్కో పోస్టుకు 550 మందికి పైగా అన్నమాట.

4. లాభం ఎవరికి చేరింది?

యంత్రం వల్ల పెరిగిన సంపద ఎక్కడికి పోయిందన్నది మరో ప్రశ్న. సింగరేణిలో లాభాల్లో వాటా ఇచ్చే మంచి సంప్రదాయం ఉంది. 2023-24 లాభాల నుండి 33 శాతం వాటాగా రూ. 796 కోట్లు కార్మికులకు ప్రకటించారు. పర్మినెంట్ కార్మికునికి సగటున రూ. 1.90 లక్షలు వచ్చాయి. అదే ఏడు మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు. ఒక్కొక్కరికి రూ. 5 వేలు. బాయిలో పని దొరకని యువకునికి ఏమీ లేదు. ఒకే బొగ్గు, ఒకే ప్రాంతం, మూడు రకాల బతుకులు. వాకిలి లోపల ఉండటానికి, బయట ఉండటానికి గల తేడా ఇంత ఉంటుంది.

5. కృత్రిమ మేధలో కొత్తదనం ఏమిటి?

పాత యంత్రానికి ప్రతి కదలిక ముందే నిర్ణయించి పెట్టాలి. కృత్రిమ మేధ అలా కాదు. లక్షలాది ఉదాహరణలు చూపితే, వాటిలోని పోలికలను తానే పట్టుకుంటుంది. లక్షల పేజీలు చదివించితే ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చునో అంచనా వేసి ఉత్తరం రాస్తుంది, లెక్క చేస్తుంది, ప్రోగ్రాం రాస్తుంది. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ విడుదలైన తర్వాత ఈ సంగతి సామాన్యులకు కూడా తెలిసింది.

పాత యంత్రం కండబలం చేసే పని తీసుకుంది. ఇది కాగితం పని తీసుకుంటోంది. డేటా ఎంట్రీ, టైపింగ్, అనువాదం, కాల్ సెంటర్ జవాబులు, చిన్న ప్రోగ్రాములు, ప్రాథమిక అకౌంట్లు దీని దారిలో ముందున్నాయి. ఇవన్నీ చదువుకున్నవారు మొదటి మెట్టుగా చేరే పనులు. ఎండలో పని తప్పాలని, కుర్చీలో కూర్చుని చేసే కొలువు రావాలని మన తల్లిదండ్రులు మనలను హాస్టల్‌కు పంపారు. ఆ కుర్చీ దగ్గరికే ఇప్పుడు యంత్రం వచ్చింది.

2024 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి సంస్థ, ప్రపంచంలోని ఉద్యోగాలలో దాదాపు 40 శాతంపై కృత్రిమ మేధ ప్రభావం ఉంటుందని అంచనా వేసింది. ప్రభావం అంటే రద్దు అని అర్థం కాదు. కొన్ని పనుల్లో మనిషికి తోడవుతుంది, కొన్నింటిలో మనిషిని తప్పిస్తుంది.

2025 ఆగస్టులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన అధ్యయనం పేరు “బొగ్గుగనిలో కానరీ పిట్టలా?” అనే అర్థం వచ్చేది. పూర్వం గనుల్లోకి కానరీ పిట్టను తీసుకుపోయేవారు. విషవాయువు ఉంటే మనిషికన్నా ముందు పిట్ట సొమ్మసిల్లేది. ఈ అధ్యయనంలో ఆ పిట్టలు 22 నుండి 25 ఏళ్ళ యువతీయువకులు. కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో ఆ వయసువారి ఉద్యోగాలు ఇతరులతో పోల్చితే 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లో అనుభవజ్ఞుల ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి. సింగరేణిలో మనం చూసిందీ ఇదే. ఉన్నవారు ఉన్నారు, కొత్తవారికి వాకిలి ఇరుకైంది. నా వయసు 23. మా ఇంట్లో డిగ్రీ దాటినది నేనే మొదలు. మాట సాయం చేసే పెద్ద ఉద్యోగి చుట్టాల్లో లేని మావంటి ఇళ్ళకు ఆ మొదటి మెట్టే సర్వస్వం.

6. ఖమ్మం మిర్చి చేలో

కృత్రిమ మేధ మన జిల్లాకు ఇప్పటికే వచ్చింది. ప్రపంచ ఆర్థిక వేదిక, తెలంగాణ ప్రభుత్వం, డిజిటల్ గ్రీన్ సంస్థ కలిసి ‘సాగు బాగు’ పేరుతో ఖమ్మం జిల్లాలో 7 వేల మంది మిర్చి రైతులతో ఒక ప్రయోగం చేశాయి. ఫోన్ ద్వారా తెలుగులో సలహాలు, భూసార పరీక్ష, కాయ నాణ్యతను కృత్రిమ మేధతో తేల్చడం, కొనుగోలుదారులతో నేరుగా కలపడం ఇందులో భాగాలు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని, ధర 8 శాతం మెరుగుపడిందని నిర్వాహకులు ప్రకటించారు. 2023లో దీనిని 5 లక్షల మంది రైతులకు విస్తరించాలని నిర్ణయించారు.

ఇది రైతుకు తోడైన యంత్రం. అయితే మిర్చి ఏరడం నేటికీ చేతిపనే. ఆ పనికి సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసీ కూలీలు వస్తూనే ఉన్నారు. కాయ నాణ్యతను ఫోన్ చెప్పగలదు గానీ చెట్టు నుండి కాయను తెంపలేదు. మట్టిలో చేసే పని నిలిచింది, కాగితంపై చేసే పని కదిలింది. అయితే నిలిచిన పనికి కూలి తక్కువ. కాబట్టి “ఏ పని మిగులుతుంది?” అని మాత్రమే కాక, “మిగిలిన పనికి ఎంత విలువ దక్కుతుంది?” అని కూడా అడగాలి.

7. రిజర్వేషన్లు, యంత్రాలు

రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ కొలువులలో మనకు రిజర్వేషన్ అవకాశం కల్పించింది. అది పోస్టును బట్టి వస్తుంది. పోస్టు రద్దయితే అందులోని మన వాటా కూడా రద్దవుతుంది. ప్రైవేటు కంపెనీలో ఆ నియమం లేదు. అందువలన యాంత్రీకరణ మనకు సాంకేతిక విషయం మాత్రమే కాదు, సామాజిక న్యాయ విషయం కూడా.

అలాగని యంత్రాన్ని శత్రువుగా చూడాలా? ఈ ప్రశ్నకు డాక్టర్ అంబేద్కర్ ఆలోచన మనకు దారి చూపుతుంది. ఆయన 1942 నుండి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గుగనులను సందర్శించి, కార్మికుల పరిస్థితులను స్వయంగా చూశారు. 1945లో ప్రచురించిన గ్రంథంలో ఆయన యంత్రాలను వద్దనే వాదనను ఒప్పుకోలేదు. కీడు యంత్రంలో లేదని, దాని ఫలితాన్ని కొందరికే పరిమితం చేసిన సమాజ వ్యవస్థలో ఉందని వాదించారు. గొడ్డుచాకిరీ నుండి మనిషికి తీరిక దొరకాలంటే యంత్రం కావాలని ఆయన అభిప్రాయం. తట్టా చెమ్మస్ పోవడం మంచిదే. దానితో పాటు తట్ట మోసినవాని బిడ్డకు దారి లేకపోవడమే చెడ్డది.

8. మనం చేయవలసినవి

(1) యంత్రాన్ని నడిపే, బాగుచేసే చదువు: కంటిన్యూయస్ మైనర్ వచ్చాక ఫిల్లర్ అవసరం తగ్గింది గానీ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, హైడ్రాలిక్ మెకానిక్, ఆపరేటర్ అవసరం తగ్గలేదు. 2024 నుండి రాష్ట్రంలో 65 ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. పదవ తరగతి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఐ.టి.ఐ.ని చిన్నచూపు చూడవద్దు.

(2) మనిషి ఎదురుగా ఉండవలసిన వృత్తులు: నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఉపాధ్యాయ వృత్తి, వ్యవసాయ విస్తరణ వంటివి. చర్ల, దుమ్ముగూడెం వైపు పనిచేయడానికి కోయ భాష రావడం పెద్ద అర్హత. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో తెచ్చిన ‘ఆది వాణి’ అనువాద యాప్ సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. ఆ తొలి జాబితాలో కోయ లేదు. కోయ, తెలుగు రెండూ చక్కగా వచ్చినవారి పనిని యంత్రం ఇప్పట్లో తీసుకోలేదు. పైగా యంత్రానికి కోయ నేర్పాలన్నా వారే కావాలి.

(3) కృత్రిమ మేధను వాడుకోవడం: ముందు లెక్క మనమే చేయాలి, తర్వాత దానిని అడిగి సరిచూసుకోవాలి. అది తప్పును కూడా ధీమాగా చెబుతుంది. కావున పాఠ్యపుస్తకంతో, ఉపాధ్యాయులతో సరిపోల్చాలి. తప్పు పట్టగలిగినవాడే రేపు దానిపై పని చేయించగలడు.

(4) హక్కులు తెలుసుకోవడం: కాంట్రాక్టు పనిలో చేరినా నియామక పత్రం, కనీస వేతనం, పి.ఎఫ్. గురించి అడగాలి. లాభాల వాటా పర్మినెంట్ కార్మికులు అడిగి సాధించుకున్నదే.

(5) సమష్టిగా అడగడం: కొత్త యంత్రం వచ్చిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయాలి. ఎన్ని పోస్టులు తగ్గుతున్నాయి? స్థానిక యువతకు ఏ శిక్షణ ఇస్తున్నారు? పెరిగిన లాభంలో ప్రాంతానికి ఎంత?

ముగింపు

ఒకరి పని ఒకేరోజు పోతే ఊరంతా కదులుతుంది. రావలసిన పని రాకుండా పోతే ఎవరికీ వినబడదు. సింగరేణిలో మన ముందుతరం పిల్లలకు జరిగింది ఈ రెండవ రకం నష్టం. వారికి ముందుగా చెప్పినవారు లేరు. మనకు ఇప్పుడు ముందుగా తెలిసింది. ఈ హాస్టల్‌లో చదువుతున్న ప్రతి విద్యార్థీ ఈ ఏడాదే తన కోర్సును, తన ఊరి పనులను పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది యంత్రం చేస్తుంది, ఏది తాను చేయాలి అని ఒక కాగితంపై రాసుకుంటే, ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.