ట్రాక్టరు రంగుపై రక్షణ ఫిల్మ్: కడుగు పద్ధతి, సంరక్షణ

కార్ల రంగును కాపాడుటకు అంటించు పారదర్శకమైన ఫిల్మ్‌ను కొందరు రైతులు క్రొత్త ట్రాక్టరు బానెట్టుకును, మడ్‌గార్డులకును కూడ వేయించుకొనుచున్నారు. ఇది పాలీయురిథేన్ అను ప్లాస్టిక్‌తో చేయబడినది. దీని మందము సాధారణముగా 150 నుండి 200 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో అయిదవ వంతు లోపు. చిన్న రాళ్ల దెబ్బలను, ముళ్లకంపల గీతలను ఇది తాను భరించి క్రింది రంగును కాపాడును. అయితే ఫిల్మ్ ఉన్నది గదా యని కడుగుట మానినచో మేలునకు బదులు కీడే కలుగును.

కీడు కలుగు విధము

ఎరువుల ధూళి ఇనుమునకు శత్రువు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు తుప్పును త్వరపరచును. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో గాలి తేమ సుమారు 75 శాతము దాటినచో యూరియా ఆ తేమను పీల్చి కరగిపోవును. వానకాలపు రాత్రులలో ఇంత తేమ ఉండుట సాధారణమే. ఎరువు కరగిన నీరు లేచిన అంచుల క్రిందికి దిగి అచ్చట నిలుచును. అక్కడ రంగు చిట్లియున్నచో, పైన మెరుపు తగ్గకుండగనే లోపల తుప్పు ప్రాకును. కావున ఫిల్మ్ వేసినవారు ముఖ్యముగా కనిపెట్టవలసినది అంచులను.

ఎప్పుడు కడుగవలెను?

ఫిల్మ్ అంటించిన తరువాత ఒక వారము వరకు కడుగరాదు, జిగురు గట్టిపడవలెను. ఆ పిమ్మట ఎరువు బస్తాలు మోసిన నాడును, మందు చల్లిన నాడును ఆ సాయంకాలమే కడుగవలెను. పక్షుల రెట్ట, చెట్ల జిగురు పడినచో తడిగుడ్డతో నానబెట్టి వెంటనే తీయవలెను. మందు చల్లిన ట్రాక్టరును చెరువులోగాని కాలువలోగాని కడుగరాదు. ఆ నీరు పశువులు త్రాగును, చేపలకును ముప్పు.

కడుగు పద్ధతి

1. ట్రాక్టరును నీడన నిలిపి, బానెట్టు చల్లారిన పిమ్మట పని మొదలిడవలెను.

2. మొదట మంచినీరు ధారాళముగా పోసి ఇసుకను, బురదను జార్చవలెను. దమ్ము చేసిన బురద ఎండకముందే కడిగినచో సులువుగా పోవును.

3. రెండు బకెట్లు ఉంచుకొనవలెను. ఒకదానిలో కార్లు కడుగు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. మెత్తని గుడ్డను ప్రతిసారి మంచినీటిలో జాడించి, తరువాతనే షాంపూ నీటిలో ముంచవలెను.

4. పైనుండి క్రిందికి తుడిచి, మరల మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండ అద్దవలెను. బోరు నీటిలో ఉప్పులు హెచ్చుగా నున్నచోట, తడి దానంతట అదే ఆరినచో తెల్లమచ్చలు మిగులును.

చేయరాని పనులు

వరిగడ్డి, కొబ్బరిపీచు, బూడిదలతో రుద్దరాదు. వరిగడ్డిలో సిలికా అధికము. అది ఫిల్మ్‌ను గీరును. డీజిలు, పెట్రోలు, థిన్నరు తగిలినచో ఫిల్మ్ మసకబారును, జిగురు సడలును. బట్టల సోడా కూడ పనికిరాదు. వాటర్ సర్వీసింగు చేయించునపుడు గొట్టపు మూతిని రెండడుగుల దూరమున ఉంచుమని చెప్పవలెను. నీటిధారను అంచునకు ఎదురుగా కొట్టనీయరాదు.

అంచుల పరీక్ష

నెలకొకసారి అంచుల వెంట వ్రేలితో తడిమి చూడవలెను. క్రొత్తగా లేచిన అంచు శుభ్రముగా నున్నచో, గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డను కొంతసేపు ఉంచి బొటనవ్రేలితో అదిమిపట్టవలెను. లోనికి మట్టి చేరినచో అదుమరాదు. కత్తితో కోయనురాదు, కత్తి రంగును తెంచును. అంటించిన పనివానికే చూపవలెను. ఫిల్మ్ క్రింద గోధుమరంగు మచ్చ కనబడినచో ఆ భాగమును తీయించి, తుప్పు గీకించి, ప్రైమరు, రంగు వేయించవలెను. క్రొత్త రంగు బాగుగా ఆరుటకు సుమారు ఒక నెల గడువిచ్చి మరల ఫిల్మ్ వేయించుకొనవచ్చును.

ఫిల్మ్ లేని చోట్లను, అనగా మడ్‌గార్డుల లోపలి ప్రక్కను, ట్రాలీ అడుగును కూడ ఇదే పూట కడుగవలెను. తుప్పు తరచుగా మొదలగునది కంటికి కనబడని ఆ చోట్లనే.