ఉద్దానంలో ట్రయాథ్లాన్: మేనకోడలికి ఒక లేఖ

టెక్కలి



సంక్రాంతి వెళ్ళాక బారువ తీరంలో మీ నాన్న, తమ్ముడు, పలాస స్నేహితులతో కలిసి ట్రయాథ్లాన్ పెట్టుకుంటామని రాశావు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు అన్నావు. స్ప్రింట్ పోటీకి మామూలుగా ఉండే దూరం ఇదే, ఒలింపిక్స్ దూరానికి సరిగ్గా సగం. ఆలోచన నాకు నచ్చింది, తప్పకుండా పెట్టండి. అయితే ఎలా పెట్టాలన్న దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. కూలి పనిలో లేనిదీ, ఆటలో ఉండేదీ ఒకటుంది: ఒంట్లో తేడా అనిపించిన క్షణాన ఆగిపోయే హక్కు. మీ జట్టులో ప్రతి ఒక్కరికీ ఆ హక్కు చివరిదాకా ఉండాలి, వాడుకున్నవాళ్ళు సిగ్గుపడాల్సిన పని ఉండకూడదు. దూరాలు, దారి, నీళ్ళు, బహుమతులు అన్నీ దాన్నిబట్టే ఏర్పాటు చేసుకోవాలి. వేరే ఊరివాళ్ళకైతే ఇంత పట్టుబట్టి చెప్పేవాణ్ణి కాదేమో. మనది ఉద్దానం గనక చెబుతున్నాను.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: ఈ ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో నీకు చెప్పనక్కర్లేదు. దశాబ్దాలుగా పరిశోధనలు సాగుతున్నా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో రోజుల తరబడి ఒళ్ళు కాగిపోయేలా పనిచేయడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం బలంగా అనుమానిస్తున్న కారణాల్లో ఒకటి. నికరాగ్వాలో చెరకు కోత కూలీలకు వేళకు నీళ్ళు, విశ్రాంతి, నీడ ఏర్పాటు చేస్తే కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గినట్టు తేలింది. ఇక ఆటల సంగతికి వస్తే, 2015లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో జరిగిన మారథాన్‌లో 22 మందిని పరీక్షించారు. పరుగు ముగిసేసరికి వాళ్ళలో 82 శాతం మందికి కిడ్నీ మొదటి స్థాయిలో దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. రెండు రోజుల్లో కోలుకున్నారు. కానీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. లోలోపల అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ కూడా అలాగే కోలుకుంటుందన్న భరోసా ఆ పరీక్ష ఇవ్వదు. మీ దూరం మారథాన్ అంత కాదు, నిజమే. కానీ ఈ జబ్బు చాలాకాలం బయటపడదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రంలో ప్రోటీను కూడా పెద్దగా కనబడకపోవచ్చు. అందుకని మూత్రపరీక్ష ఒక్కటే చేయించుకుని ధైర్యం తెచ్చుకోవద్దు, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. అదీ కఠినమైన సాధన ఆపి రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకున్నాక చేయించుకోవాలి, లేకపోతే లెక్క తప్పుగా రావచ్చు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి గనక దీనికోసం విశాఖ బస్సెక్కాల్సిన పని లేదు.

ఇంత భయపెట్టే బదులు మానేయమనే చెప్పొచ్చు కదా అని మీ అమ్మ అంటుంది. మానేయడం వల్ల ఏ కిడ్నీ బాగుపడదు. బీపీ, షుగరు కిడ్నీని తినేసేవే, రోజూ నడిచి, ఈది, సైకిలు తొక్కే ఒంటికి ఆ రెండూ అదుపులో ఉంటాయి. రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు, జీడిపిక్కలు కాల్చేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు ఉన్న ఊళ్ళలో చెమట కోసం పోటీలు పెట్టుకోవడం పట్నం వాళ్ళ సరదా కాదా అని. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ జీడి బట్టీ దగ్గర నిలబడ్డ ఆడమనిషికి కళ్ళు తిరిగితే ఆ పూట కూలి పోతుంది, అందుకని ఆగదు. ఆమె అలుపు మరొకరి లెక్క ప్రకారం సాగేది. మీ పోటీలో ఒంటి మాట వినడం అలవాటైతే, దాహం వేయకముందే తాగడం, ఎండెక్కకముందే ముగించడం అలవాటైతే, రేపు తోటలో పని చేయించేటప్పుడు ఆ అలవాటును కూలీలకూ వర్తింపజేయండి. అప్పుడు ఇది పట్నం సరదా అని ఎవరూ అనలేరు.

ఆగాలన్న సంగతి మనకు చెప్పేది నొప్పి. దాని నోరు నొక్కే బిళ్ళల జోలికి ఎవరూ పోకూడదు. మన పల్లెల్లో ఒళ్ళునొప్పులకు మందుల షాపులో అడిగి బిళ్ళ వేసుకోవడం మామూలైపోయింది. 80 కిలోమీటర్ల పరుగులో 89 మంది మీద జరిపిన పరీక్ష ఒకటి 2017లో వెలువడింది. ఇబుప్రోఫెన్ వేసుకున్నవాళ్ళలో 52 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్నట్టు కనిపించింది. డైక్లోఫెనాక్ కూడా ఆ జాతిదే. ముందురోజు గానీ, ఆ పూట గానీ, మర్నాడు గానీ వద్దు. నీళ్ళ విషయంలోనూ అతి పనికిరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికన్నా తగ్గింది, అవసరానికి మించి తాగడమే అందుకు ముఖ్య కారణం. కొద్దికొద్దిగా, ఓఆర్ఎస్ కలిపి తాగండి. మన చేతికందే కొబ్బరి బొండాం గురించి ఒక హెచ్చరిక. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగా పనిచేసేవాళ్ళకు మంచిదే, క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు మాత్రం గుండె లయ తప్పించేంత ప్రమాదం. బొండాలు కొట్టించే ముందు ఎవరికి ఇవ్వకూడదో తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఈత. నేను నీతో పూర్తిగా విభేదించేది ఇక్కడే. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయాథ్లాన్లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు కలిపి 135 లెక్కకొచ్చాయి. వాటిలో 90 ఈతలోనే. పాల్గొన్నవాళ్ళు 90 లక్షలకు పైగా కాబట్టి ముప్పు అరుదే, కానీ నలభై దాటిన మగవాళ్ళకు ఎక్కువ. సైకిలు మీద ఆయాసం వస్తే కాలు కింద పెట్టొచ్చు, పరుగులో వస్తే నడవొచ్చు, నీళ్ళలో అలా కుదరదు. మీ నాన్నకు యాభై దాటాయి, ఈసీజీ తీయించుకుని డాక్టరు సరేనన్న తర్వాతే దిగాలి. మంచినీళ్ళపేట మత్స్యకార కుర్రాళ్ళు సముద్రంలోనే పెరిగారు, వాళ్ళకు లేని భయం మాకెందుకని నీ తమ్ముడు అడుగుతాడు. ఆ కుర్రాళ్ళు సముద్రం రంగు చూసి వేటకు వెళ్ళని రోజులుంటాయి, అది వాడికి తెలియదు. మన ఒడ్డున అలలు విరిగే చోట ఒక్కో దగ్గర నీరు పాయలా వెనక్కి, లోపలికి లాగుతుంది. ఎదురీదితే అలసిపోయి మునుగుతారు, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పాయలోంచి బయటపడాలి. ఈ సంగతి పుస్తకంలో చదివితే చాలదు. అందుకని మొదటి ఏడాది సముద్రం వద్దు. లోతూ అడుగూ తెలిసిన చెరువులో, ఒడ్డు వెంబడి, 750 బదులు 300 మీటర్లు చాలు. పక్కన తెప్పలో ఈతగాళ్ళు ఉండాలి. సముద్రంలోనే అనుకున్న ఏడాది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సూచన చూసి, ఆ ఊరి మత్స్యకారులను అడిగి, వాళ్ళు వద్దంటే మానుకోండి.

ఎప్పుడంటే అప్పుడు ఆగిపోతే పట్టుదల ఎలా వస్తుందని నువ్వు అడగవచ్చు. 2021 మార్చిలో గోలి శ్యామల శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈదారు. అలాంటి ఈతలన్నిటిలోనూ పక్కన పడవ ఉంటుంది. చెయ్యి చాస్తే పైకి తీసేవాళ్ళున్నారు కనకే అంత దూరం పట్టుదలగా ఈదగలిగారని నా నమ్మకం. అయితే కుటుంబాల్లో ఒక చిక్కుంది. పరాయివాళ్ళ ముందు ఆగిపోవడం తేలిక, బావల ముందు, తోడల్లుళ్ళ ముందు కష్టం. పరువు మాట ఒకటి పడిందంటే గుండె దడ కూడా దాచేసుకుంటారు. అందుకే ముగ్గురేసి జట్టుగా విడిపోండి: ఒకరు ఈత, ఒకరు సైకిలు, ఒకరు పరుగు. ఇది అసలైన ట్రయాథ్లాన్ కాదని ఎవరైనా అంటే, 2019 నుంచి గోవాలో జరుగుతున్న ఐరన్‌మ్యాన్ 70.3లో 1.9, 90, 21.1 కిలోమీటర్లను ముగ్గురు పంచుకునే విభాగం ఉందని చెప్పు. బహుమతి కూడా ముందొచ్చినవాళ్ళకు వద్దు. ప్రతి జట్టూ తమకు పట్టే సమయం ముందే రాసి ఇవ్వాలి, గడియారం పెట్టుకోకుండా ఆ సమయానికి దగ్గరగా వచ్చిన జట్టుకు ఇవ్వండి. అప్పుడు మీ అత్త నడిచినా గెలవొచ్చు, ఎవరి ఒంటి సంగతి వాళ్ళకు ఎంత తెలుసో కూడా బయటపడుతుంది.

సైకిలుకు పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కవద్దు, కోల్‌కతా లారీల పక్కన ఆగే హక్కు ఎవరికీ ఉండదు. తోటల మధ్య ఊరి రోడ్డు మీద 5 కిలోమీటర్ల చుట్టు చూసుకుని నాలుగుసార్లు తిరగండి, ఆగినవాళ్ళు బయలుదేరిన చోటికి దగ్గర్లోనే ఉంటారు. తెల్లారగానే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించండి. జనవరి, ఫిబ్రవరి దాటితే ఈ పోటీ మాటే ఎత్తొద్దు. ఆ రెండు నెలల్లోనూ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొస్తాయి, చీకట్లో లైట్లు వేసుకుని ఇసుక మీదికి బళ్ళు తేవద్దు.

తేదీ ఖాయం చేయకముందే జట్టులో అందరి క్రియాటినిన్ రిపోర్టులు తెప్పించి నాకు పంపు. ముందు మీ నాన్నది.

ఇట్లు
మీ మావయ్య