ఒకే పెరట్లో బాతులు, కోళ్లు: కొత్తగా పెంచేవారికి తెలియాల్సిన తేడాలు

హైదరాబాద్ నుంచి ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లోనో, విజయవాడ, విశాఖల మీదుగా నడిచే కోరమాండల్‌లోనో కోల్‌కతా వెళ్లేవారు ఇప్పుడు దిగేది షాలిమార్‌లో. పేరుకు కోల్‌కతా అనుకున్నా, ఈ స్టేషన్ ఉన్నది హుగ్లీ నది పడమటి గట్టున, హౌరాలో. రైలు హౌరా జిల్లాలోకి వచ్చాక పట్టాలకు అటూ ఇటూ ఇళ్ల మధ్య చిన్న చిన్న చెరువులు కనిపిస్తాయి. బెంగాలీలో వాటిని పుకుర్ అంటారు. నీళ్లలో బాతులు, గట్టు మీద కోళ్లు అక్కడ మామూలు దృశ్యం. బాతు గుడ్డు కూర అక్కడి వంటిళ్లకు కొత్త కాదు. దేశంలో బాతులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్, అస్సాం ముందుంటాయి.

ఆ దృశ్యం చూస్తే రెండింటినీ కలిపి పెంచడం చాలా తేలిక అనిపిస్తుంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, బాతులు తదితర పెంపుడు పక్షుల్లో సుమారు 31.7 కోట్లు పెరళ్లలో పెరుగుతున్నవే. 2012తో పోలిస్తే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. అయితే పక్కపక్కనే తిరిగే ఈ రెండు పక్షులకు నీటితో, మేతతో, రోగాలతో ఉన్న సంబంధం ఒకేలా ఉండదు. కొత్తవారి పొరపాట్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

మొదటి వారంలో మాత్రం రెండింటి అవసరం ఒక్కటే, వెచ్చదనం. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్ల బరువు సుమారు 40 గ్రాములు. శరీరం ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు దాని చర్మపు వైశాల్యం అంత ఎక్కువ. అందువల్ల లోపల పుట్టే వేడి కన్నా బయటికి పోయే వేడి ఎక్కువగా ఉంటుంది. తల్లి రెక్కల కింద లేని పిల్లకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి గుమిగూడితే చలి, బల్బుకు దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి, అంతటా చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్లే.

ఈ రోజుల్లో ఇక్కడే ఒక కొత్త చిక్కు వచ్చింది. పాత ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగా మారుతుంది. దీపంగా అది దండగే కావచ్చు, బ్రూడరుకు మాత్రం అదే కావాలి. వెలుగు బాగా వస్తోంది కదా అని 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీస్తే, అది ఎంత మెరిసినా 9 వాట్లకు మించి వేడి ఇవ్వలేదు. పిల్లలు వెలుగులోనే చలికి చనిపోతాయి.

నీటి దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. బాతుపిల్ల ముక్కును, నాసికా రంధ్రాలను ముంచి కడుక్కోగలిగినంత లోతు నీళ్లు ఉండాలి. కోడిపిల్ల అంత లోతు నీళ్లలో పడితే మునిగిపోతుంది. బాతుపిల్ల మేత తిని నీళ్లలో మూతి పెడుతుంది, మళ్లీ తింటుంది, చుట్టూ చల్లుతుంది. దాని రెట్ట కూడా పలుచన. సాయంత్రానికి కింద పరిచిన వరి ఊక ముద్దవుతుంది. బాతుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. కోడిపిల్లకు ప్రాణాంతకం కావచ్చు. కోళ్లలో రక్తపారుడు కలిగించే కాక్సిడియా పరాన్నజీవి రెట్టతో బయటికి వచ్చినప్పుడు రోగం కలిగించే స్థితిలో ఉండదు. వెచ్చదనం, గాలి, తేమ దొరికాక ఒకటి రెండు రోజుల్లో ఆ స్థితికి చేరుతుంది. మొదటి రెండూ గూట్లో ఎలాగూ ఉంటాయి, మూడోది బాతులు అందిస్తాయి. కోళ్ల కిందనున్న ఊకను పొడిగా ఉంచడం మందుల కన్నా ముందు చేయాల్సిన పని.

మేతలో తేడా అంత కంటికి కనిపించదు. బాతుపిల్లలకు నియాసిన్ అనే బి3 విటమిన్ కోడిపిల్లల కన్నా దాదాపు రెట్టింపు కావాలి. కోడిపిల్లల దాణా మాత్రమే పెడితే కొన్నిటికి కాళ్లు వంకరపోతాయి, నడవలేక కూలబడతాయి. దాణాలో కొద్దిగా ఈస్ట్ కలిపితే ఈ లోటు తీరుతుంది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని శాస్త్రవేత్తలు గుర్తించింది ఆ సంఘటన తర్వాతే. ఈ విషానికి బాతుపిల్లలు కోడిపిల్లల కన్నా చాలా తేలిగ్గా లొంగిపోతాయి. హుగ్లీ తీరంలోనైనా గోదావరి తీరంలోనైనా వానాకాలపు గాలిలో తేమ తక్కువేమీ కాదు. పురుగు పట్టిన మొక్కజొన్న కోళ్లకు వేస్తేనేం అనుకునే అలవాటు బాతుల విషయంలో అస్సలు పనికిరాదు.

వైరస్‌ల విషయంలో తేడా ఇంకా లోతైనది. షాలిమార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, రైల్వే స్టేషన్ పక్కనే, సాంత్రాగాఛీ ఝీల్ ఉంది. చలికాలంలో ఈ చెరువుకు వేల పక్షులు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం లెస్సర్ విజ్లింగ్ డక్ అనే ఈల బాతులు. ఈ చెరువులో వైరస్ ఉందని కాదు గానీ, నీటి పక్షులే ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌లకు సహజ నివాసం. వాటి పేగుల్లో పెరిగిన వైరస్ రెట్టతో నీళ్లలోకి చేరుతుంది. చల్లటి నీళ్లలో వారాల తరబడి నిలవగలదు. అడవి బాతు దిగిన చెరువులోనే ఇంటి బాతు ఈదుతుంది, సాయంత్రం కోళ్ల గూటికి తిరిగి వస్తుంది.

హెచ్5ఎన్1 వైరస్ సోకిన కోళ్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. అదే వైరస్ సోకినా చాలా బాతులు మామూలుగా తిరుగుతూ దాన్ని వెదజల్లుతాయి. ఎందుకు? 2010లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరిన్ మేగర్ బృందం దీనికి ఒక సమాధానం కనుగొంది. కణంలోకి చొరబడ్డ వైరస్ ఆర్ఎన్ఏను గుర్తించి హెచ్చరిక మోగించే రిగ్-ఐ అనే జన్యువు బాతుల్లో ఉంది, కోళ్లలో లేదు. బాతు జన్యువును కోడి కణాల్లో ప్రవేశపెట్టినప్పుడు వాటిలో వైరస్ పెరుగుదల తగ్గింది. ఇదొక్కటే కారణం అనుకోకూడదు. హెచ్5ఎన్1లో బాతులను కూడా చంపే రకాలు ఉన్నాయి.

2008 జనవరిలో బీర్భూమ్, దక్షిణ దినాజ్‌పూర్ జిల్లాల్లో బయటపడిన బర్డ్ ఫ్లూ కొద్ది వారాల్లోనే పశ్చిమ బెంగాల్‌లోని 13 జిల్లాలకు పాకింది. 30 లక్షలకు పైగా పక్షులను చంపాల్సి వచ్చింది. దెబ్బతిన్నవి చాలావరకు పెద్ద ఫారాలు కావు, పెరటి గూళ్లు. ఇంటి ఖర్చులకు నాలుగు రూపాయలు తెచ్చే కోడిని అప్పగించడానికి ఇష్టపడక దాచిపెట్టినవారూ ఉన్నారు. వారి బాధ అర్థం చేసుకోదగిందే, దాని ఫలితం మాత్రం పొరుగింటికి కూడా తగిలింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిపాప హెచ్5ఎన్1 సోకి మరణించింది. ఇది మనుషులకు సోకడం అరుదు, సోకితే తీవ్రం. మాంసం, గుడ్డు లోపలి భాగం దాకా 70 డిగ్రీలకు పైగా ఉడికితే వైరస్ నశిస్తుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది తినడంలో కన్నా, చనిపోయిన పక్షిని చేత్తో పట్టుకోవడంలో, పచ్చి మాంసం కోయడంలో. వరుసగా పక్షులు చనిపోతుంటే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి.

రెండింటికీ టీకాలు వేరు. కోళ్లకు కొక్కెర తెగులు టీకా మొదటి వారంలోనే కంట్లో చుక్కగా వేస్తారు. బాతులకు బాతుల ప్లేగు టీకా సుమారు ఎనిమిది వారాల తర్వాత వేయించాలి. మన దేశంలో ఆ జబ్బును మొదట 1963లో గుర్తించింది పశ్చిమ బెంగాల్‌లోనే. జాతి ఎంపికలో మొదటిసారి పెంచేవారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరళ్ల కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు నయం. బాతుల్లో గుడ్ల కోసం ఖాకీ క్యాంప్‌బెల్. అవి ఎక్కువగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కాబట్టి ఉదయం తొమ్మిది దాకా గూట్లోనే ఉంచాలి. లేదంటే గుడ్లు చెరువు పాలవుతాయి.

గూళ్లు వేరు, నీళ్ల తొట్లు వేరు, మేత వేరు. మధ్యలో జాలీ కంచె ఉంటే ఇంకా మంచిది. ఈ సలహాకు ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. ఖాకీ క్యాంప్‌బెల్‌కు పొదిగే గుణం దాదాపు లేదు. అందుకే పల్లెల్లో బాతు గుడ్లను పొదుగుడు పెట్ట కింద పెడతారు. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతు గుడ్డుకు 28. పెట్ట రోజులు లెక్కపెట్టదు, ఆ అదనపు వారం కూడా కదలకుండా కూర్చుంటుంది. పిల్లలు నీళ్లలోకి దిగాక గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ అరుస్తుంది. పల్లెల్లో పెరిగినవారికి ఇది తెలిసిన దృశ్యమే. కరెంటు బల్బు కన్నా నమ్మదగిన బ్రూడరు ఆ పెట్టే కనుక, ఈ అలవాటు మానుకోనక్కర్లేదు. నాలుగు వారాలు దాటి పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోగలిగాక వాటిని బాతుల గూటికి మార్చాలి. పెట్ట రెండు మూడు రోజులు వెతుక్కుంటుంది. కొన్ని వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది.