ఆటచక్రముతో నీరు తోడిన కథ



తీర్థమునకు పోయిన పిల్లవాడు రంగులరాట్నము ఎక్కనిదే ఇల్లు చేరడు. దానిని ఒకడు నాలుగడుగులు పరుగెత్తి త్రోసిన చాలును. పిదప అది తనంతట తాను గిఱ్ఱున తిరుగుచుండును. త్రోసినవాడును ఎగిరి దానిపై కూర్చుండును. పిల్లల ఆనందమంతయు ఆ తిరుగుడునందే యున్నది. ఈ ఆనందమును బావికి కట్టి నీరు తోడించిన నెట్లుండునని దక్షిణాఫ్రికాలో బోరుబావులు త్రవ్వు వృత్తిలోనున్న రోనీ స్టైవర్ అను నతనికి తోచెను. అతడు చేసిన యంత్రమును 1989లో ఒక వ్యవసాయ ప్రదర్శనమున ట్రెవర్ ఫీల్డ్ అను ప్రకటనల వ్యాపారి చూచి, దానిని వ్యాప్తికి తెచ్చెను. దాని పేరు ప్లేపంపు, అనగా ఆటపంపు.

అమరిక యిది. బడి ఆవరణములోని బోరుబావిపై తిరుగుడుబల్ల నొకటి బిగింతురు. పిల్లలు దానిపై ఆడుకొనగా క్రిందనున్న పంపు నీటిని పైకెత్తి, 7 మీటర్ల యెత్తున నిలిపిన 2,500 లీటర్ల తొట్టిని నింపును. తొట్టికి నాలుగు ప్రక్కల పలకలుండును. రెండింటిపై వర్తకుల ప్రకటనలు, రెండింటిపై ఆరోగ్యబోధలు. ప్రకటనల రాబడితో మరమ్మతులు జరుగవలెను. ఖర్చు లేదు, కూలి లేదు, పిల్లలకు ఆట, తల్లులకు నీరు! విన్నవారెల్లరు మెచ్చుకొనిరి. మొదట దీనిని చదివినపుడు నేనును మెచ్చుకొంటిని. 2000లో ప్రపంచబ్యాంకువారి బహుమతి లభించెను. 2006లో అమెరికాలో 164 లక్షల డాలర్ల సహాయము ప్రకటింపబడెను. 2010 నాటికి 4,000 పంపులు నాటి, కోటి మందికి నీరిత్తుమని సంకల్పము చెప్పుకొనిరి.

ఇప్పుడు మనము పలక, బలపము తీసికొని కూర్చుందము. కోటి మందిని 4,000 పంపులకు పంచినచో పంపు ఒక్కింటికి 2,500 మంది. మనిషికి దినమునకు 15 లీటర్లు మాత్రమే యనుకొన్నను, 37,500 లీటర్లు కావలెను. పంపు గంటకు 1,400 లీటర్లు తోడునని తయారుచేసినవారే చెప్పిరి. భాగించి చూడుడు: ఇంచుమించు 27 గంటలు! దినమునకున్నవి 24 గంటలే గదా. పిల్లలు తినక, నిద్రింపక, చదువక తిరిగినను మూడు గంటలు తక్కువ పడును. ఈ లెక్కను ఇంగ్లండులోని గార్డియన్ పత్రిక 2009లో ప్రకటించెను. నాలుగవ తరగతి బాలుడు చేయగల భాగహారమును అంత సొమ్ము ప్రకటించిన తరువాత గాని ఎవరును బయట పెట్టకుండుట నాకు నేటికిని వింతగానే యున్నది.

ఇంకొక లెక్క కలదు. ఇది బలమునకు సంబంధించినది. 1,400 లీటర్లనగా 1,400 కిలోల బరువు. దానిని 40 మీటర్ల లోతునుండి తీసి, 7 మీటర్ల తొట్టికి గంటలోపల ఎత్తవలెనన్న, అశ్వశక్తిలో అయిదవ వంతుకు మించిన బలము ఎడతెగక కావలెను. కండబలము గల కూలివాడు దినమంతయు ఓర్చి చేయగలది అందులో పదవ వంతే. అనగా ఇద్దఱు పెద్దవారి కష్టమును ఆట పేరిట పిల్లలనుండి తీయజూచిరన్నమాట. అంతకంటెను ముఖ్యమైన దోషము ఆటలోనే యున్నది. జాతరలోని రాట్నము త్రోసిన పిదప ఊరక తిరుగును గనుకనే పిల్లలకది యిష్టము. బావికి కట్టిన రాట్నమో, త్రోపు ఆగినంతనే తానును ఆగును. పిల్లవాడు త్రోసిన బలమంతటిని నీరు మ్రింగివేయును. రంగు వేసినను గానుగ గానుగయే.

తరువాత జరిగినది ఊహింప కష్టము కాదు. క్రొత్తలో పిల్లలు మూగిరి. క్రొత్త తీఱినంతనే మానిరి. బిందె పట్టుకొని వచ్చిన స్త్రీలు ఆ బల్లను తామే త్రిప్పవలసి వచ్చెను. మొజాంబిక్‌లో స్త్రీలు, నడివయస్సున నలుగురి యెదుట ఆటబల్ల త్రిప్పుటకు సిగ్గు పడిరి. వంగి నడచుచు త్రిప్పవలెను గావున వృద్ధులకు నడుము నొప్పి. కొన్ని యూళ్లలో బాగుగా పనిచేయుచున్న చేతిపంపును ఊడదీసి, ఆ బావిపైననే దీనిని బిగించిరి. చెడిన యెడల ఊరివారు విప్పి బాగుచేసికొను వీలు లేదు. దూరమునుండి మనిషి రావలెను. మారుమూల పల్లెలో ప్రకటన వ్రేలాడదీయుటకు ఏ వర్తకుడు వచ్చును? ఒక్కొక్క యంత్రము వెల సుమారు 14,000 డాలర్లు. ఆ సొమ్ముతో నాలుగు చేతిపంపులు వచ్చెడివి. 2010లో అమెరికాలోని ఆ సంస్థ మూతపడి, మిగిలిన పంపులను వేఱొక నీటి సంస్థ కప్పగించెను. పిల్లలు పెక్కుమంది గల బడులలో, మఱియొక నీటివసతి ప్రక్కన నున్నచోట, కొన్ని ఉపయోగపడిన మాటయు నిజమే.

ఇట్లని ఆటకును పనికిని పొత్తు కుదురదని చెప్పజాలను. ఆ దక్షిణాఫ్రికాలోనే 1991లో పెటీ పెట్జర్, యోహాన్ యాంకర్ అను ఇద్దఱు నీరు పట్టు దొరలుడు పీపాను చేసిరి. దానిలో 90 లీటర్లు పట్టును. మూత బిగించి, పడవేసి, ఇనుప పిడి తగిలించి త్రోసికొనుచు పోవలెను. చదునైన నేలపై చేతికి పది కిలోల బరువు మాత్రమే తోచును. మన వీథులలో పిల్లలు పాత సైకిలు టైరును కఱ్ఱతో దొర్లించుకొని పోవుట చూచుచుందుము గదా, ఇదియు నట్టిదే. ఒకసారి కదలిన పిదప ఆ దొరలుడే పనికి తోడ్పడును. అక్కడ ఆటకు పని అడ్డు తగిలెను; ఇక్కడ ఆటయే పనిని మోసెను. వెల యెక్కువ యగుటయు, రాళ్లదారిలో కష్టమగుటయు దీనికిని గల లోపములు.

మన తెలంగాణములో ఆలేరు చెంతనున్న శారాజీపేటవాడు చింతకింది మల్లేశము చేసిన ఆసుయంత్రము తెలియనివారు అరుదు. పోచంపల్లి తరహా చీర యొక్కటికి ఆసు పోయుటకు చేయి 9,000 సారులు ఇటునటు ఆడవలెను. తల్లి లక్ష్మమ్మ దినమునకు రెండు చీరల ఆసు పోసి, భుజము నొప్పితో బాధపడుట చూచి, 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రమును ముగించెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. అతనికి లెక్క కాగితముపై లేదు. తల్లి భుజముపై నున్నది.

నా తప్పు నొకటి చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట, వరుసలలో నాటిన వరికి కోనోవీడరు అను త్రోపుడు కలుపుమరను ప్రదర్శించుచు, మడిలో పది నిమిషములు చుఱుకుగా త్రోసి చూపితిని. గట్టుపైనున్న కూలి స్త్రీ యొకతె, “అయ్యా, పొద్దు గూకేదాకా తోసి చూపండి” అనెను. అందఱును నవ్విరి, నేనును నవ్వితిని. మరను ఆమె చేతికిచ్చిన పిదప నవ్వు ఆగిపోయెను. నా నడుముకు సరిపోయిన పిడి ఆమె రొమ్మునకు వచ్చెను. దానిని దించుటకు మరలో వీలు లేదు. నా మాటపై ఒక సంఘమువారు కొనిన మరలు ఆ యేడు గోదాములోనే యుండెను.

మన సంఘము ఈ పంటకు కలుపుమరలు కొనవలెనని ఆలోచించుచున్నది. సొమ్ము చెల్లింపకమునుపు ఒక్క మరను ఎరువు తెచ్చి, కలుపు తీయు స్త్రీల నిద్దఱిని పిలిచి, పూర్తి కూలి ఇచ్చి, ప్రొద్దుటినుండి సాయంకాలమువఱకు వారిచేతనే త్రోయింపుడు. ప్రక్కమడిలో మఱి యిద్దఱు చేతితో తీయుదురు గాక. వరుసలు లెక్కించుడు. పిడి యెత్తు మార్చవచ్చునో లేదో, విఱిగిన ముక్కను మన యూరి కమ్మరి అతుకగలడో లేడో చూడుడు. సాయంకాలము వారిద్దఱు చెప్పిన మాటను, వారి మాటగానే, తీర్మానముల పుస్తకములో వ్రాయింపుడు.