ఇంట్లో ఇరవైమూడు, బడిలో తేవీస్

సోలాపురం, భివండీ, ముంబయి నగరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక సందేహం తరచుగా వినవస్తుంది. బడిలో మరాఠీలో లెక్కలు చెబుతుండగా ఇంట్లో తెలుగులో చెబితే బిడ్డ తికమకపడదా అని. ఆ భయంతో కొందరు ఒకటి, రెండు, మూడు అనడమే మానివేస్తున్నారు. అందువలన బిడ్డకు అక్కరకు వచ్చే ఒక సాధనం చేజారిపోతున్నది.

ఇరవైమూడు అన్నప్పుడు ముందు ఇరవై, పిదప మూడు వినబడతాయి. 23 అని వ్రాసేటప్పుడును అదే వరుస. మరాఠీలో ఆ సంఖ్య 'తేవీస్'. మూడు ముందు, ఇరవై వెనుక. విన్న వరుసలోనే వ్రాసే బిడ్డ 32 వేయడం సహజం. 'ఏకోణతీస్' మరీ కష్టం. ముప్పైకి ఒకటి తక్కువ అని దాని అర్థం. వ్రాయవలసినది మాత్రం 29. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి 2019లో రెండవ తరగతి గణిత పుస్తకంలో 'వీస్ ఏక్' వంటి పలుకుబడిని కూడ చేర్చినది. దానిపై పెద్ద వివాదమే నడిచింది. తెలుగు బిడ్డకు ఆ పద్ధతి తల్లి మాటలోనే ఉన్నది.

అయితే తెలుగులోను ఒక చిక్కు లేకపోలేదు. ఇరవైమూడు అనగానే 20 వేసి, ప్రక్కన 3 చేర్చి, 203 అని వ్రాసే పిల్లలుంటారు. కోపపడనక్కరలేదు, చెవికి వినబడినది అదే కదా. కొత్త చీపురు పుల్లలను సమానంగా విరిచి, పదేసి చొప్పున దారంతో కట్టండి. రెండు కట్టలు, మూడు విడిపుల్లలు ఎదుట పెట్టి, కట్టలెన్నో ఎడమ ప్రక్కన, విడిపుల్లలెన్నో కుడి ప్రక్కన వ్రాయించండి. తరువాత ఆ మూడు పుల్లలను తీసివేసి, కుడి ప్రక్కన ఇప్పుడేమి వ్రాయాలో అడగండి. సున్న ఎందుకున్నదో బిడ్డకు అక్కడ తెలుస్తుంది.

వ్రాతకు ముందు లెక్కింపు రావాలి. వంద వరకు గడగడ అప్పజెప్పే బిడ్డ కూడ ఏడు చింతగింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోయవచ్చు. భోజనవేళ కంచాలు పెట్టించడం కంటె మంచి పాఠం లేదు. మనుష్యులు నలుగురు, కంచాలు నాలుగు. ఇద్దరు, ముగ్గురు అనే మాటలు బడిలో దొరకవు, ఇంట్లోనే అబ్బాలి. ధాన్యం కొలిచేటప్పుడు పెద్దలు ఒకటికి బదులు 'లాభం' అంటారు. బియ్యం డబ్బాలో పోసేటప్పుడు అదీ వినిపించండి, కాని అది ఒకటేనని చెప్పండి.

అంకెలు దిద్దించడానికి పలకయో, పళ్లెంలో పరచిన నూకయో చాలు. 3, 7 వంటివి తిప్పి వ్రాయడం ఆరేడేళ్ల వరకు సాధారణమే. మరాఠీ మాధ్యమంలో చేరే బిడ్డకు ఇంకొకటి ముందే చూపాలి: దేవనాగరిలోని ఒకటి అంకె ఇంగ్లీషు 9ని పోలి ఉంటుంది. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాసి చూపండి.

బడి నుండి వచ్చిన బిడ్డ 'తేవీస్' అంటే తప్పని దిద్దకండి. 'అవును, ఇరవైమూడు' అని, కట్టలెన్నో పుల్లలెన్నో తీయమనండి.