పాత కంప్యూటర్‌కు కొత్త డిస్ట్రిబ్యూషన్: కోడింగ్ కంటే ముందు ప్లానింగ్



పిల్లల కంప్యూటర్ ప్రాజెక్టులో మనకు కనిపించేది కోడింగ్. అంతకుముందు జరగాల్సిన ప్లానింగ్ మాత్రం కనిపించదు. ఈ నెల పాఠం దాని గురించే. ఉదాహరణగా రిస్క్ ఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకుందాం.

నేపథ్యం

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ 1981లో బీబీసీ మైక్రో కంప్యూటర్‌ను తెచ్చింది. 1980లలో మన దేశంలో 'క్లాస్' పథకం కింద పాఠశాలలకు ఇచ్చిన కంప్యూటర్లు ఇవే. ఆ తర్వాత ఏకార్న్ ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించి, 1987లో దానితో ఆర్కిమెడిస్ కంప్యూటర్లను విడుదల చేసింది. రిస్క్ ఓఎస్ ఆ కంప్యూటర్ల కోసం తయారైంది. మన సెల్‌ఫోన్లలో ఉండేవి కూడా ఆర్మ్ కుటుంబపు ప్రాసెసర్లే.

1990ల చివరికి ఏకార్న్ కంప్యూటర్ల తయారీ ఆపేసింది. అభిమానులు మాత్రం రిస్క్ ఓఎస్‌ను వదల్లేదు. 2012లో అది చవకైన రాస్ప్‌బెర్రీ పై బోర్డుల మీదికి వచ్చింది. 2018లో దాని సోర్స్ కోడ్ ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద అందరికీ అందింది.

డిస్ట్రిబ్యూషన్ అంటే?

జూన్‌లో మీరు తీసుకెళ్లే బుక్ సెట్ లాంటిది. పుస్తకాలు రాసినవారు వేరు, తరగతికి తగినవి ఎంచి కట్ట కట్టేవారు వేరు. అలాగే ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, ఎడిటర్, సహాయ పుస్తకం కలిపి, పరీక్షించి, ఒకే మెమరీ కార్డులో ఇస్తే అది డిస్ట్రిబ్యూషన్.

ముందే తేల్చుకోవాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఎవరి కోసం? పాత అభిమానికి తన పాత ప్రోగ్రాములు నడవాలి. కొత్తగా వచ్చినవారికి ఆన్ చేయగానే ఏం చేయాలో తెలియాలి. ఇద్దరినీ ఒకేసారి మెప్పించాలని చూస్తే పని ఎప్పటికీ తెమలదు.

2. ఏ యంత్రం మీద? అసలు చిక్కు ఇక్కడే ఉంది. రిస్క్ ఓఎస్ 32-బిట్ వ్యవస్థ. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 ప్రాసెసర్ మీద 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ నేరుగా నడవదు. రిస్క్ ఓఎస్‌లో చాలా భాగం అసెంబ్లీ భాషలో ఉంది కాబట్టి 64-బిట్‌కు మార్చడమంటే ఆ భాగమంతా మళ్లీ రాయడమే. పై 4 వరకే చాలనుకోవాలా, ఎమ్యులేటర్ వాడాలా, తిరగరాయాలా? ఈ నిర్ణయం వాయిదా వేస్తే తర్వాత చేసిన పనంతా వృథా కావచ్చు.

3. అనుమతి ఉందా? ఉచితంగా దొరికిన ప్రతి ప్రోగ్రామునూ మనం పంచిపెట్టడానికి వీల్లేదు. లైసెన్స్ చదవాలి, అవసరమైతే రచయితను అడగాలి. జవాబు రాకపోతే వదిలేయాలి. నెట్ నుంచి బొమ్మలు కాపీ చేసి ప్రాజెక్టులో అతికించే పిల్లలకూ ఇదే నియమం.

4. రేపు ఎవరు చూస్తారు? నెట్‌సర్ఫ్ అనే బ్రౌజర్ రిస్క్ ఓఎస్ కోసమే మొదలైంది. చిన్నది, వేగమైనది. కానీ జావాస్క్రిప్ట్ మీద ఎక్కువగా ఆధారపడే నేటి సైట్లు అందులో సరిగా రావు. ఇలాంటి పరిమితులను మొదటి పేజీలోనే చెప్పాలి. అప్‌డేట్లు ఇచ్చే బాధ్యత ఎవరిదో కూడా పేరుతో సహా రాసుకోవాలి.

ఇంట్లో చేయండి

మీ ఇంట్లో పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్ ఉంటే, దాన్ని తాతయ్యకో అమ్మమ్మకో పనికొచ్చేలా చేయాలంటే ఏమేం ఉంచాలో, ఏమేం తీసేయాలో పిల్లలనే ఒక పేజీలో రాయమనండి. ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ చేయవద్దు. "ఇది ఎందుకు పెట్టావు?" అని ప్రతి వరుసకూ అడగండి. జవాబు లేని వరుసను వాళ్ల చేతే కొట్టేయించండి. ఆ పేజీని కంప్యూటర్ పీరియడ్‌కు పంపితే తరగతిలో అందరం కలిసి చర్చిస్తాం.